సుద్దగీతకు ఎడమవైపు

మా బడిలో సంగీతానికి మూడు పరీక్షలుండేవి. విన్నది విన్నట్టు రాయాలి, సొంతంగా ఒక బాణీ కట్టాలి, దాన్ని అందరి ముందూ వాయించాలి. మూడింట్లోనూ నాకు పూర్తి మార్కులొచ్చాయి. ఆ మార్కుల మొహం మండ.

మా నాన్న ట్రంకుపెట్టెలు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేకు మీద సుత్తి దెబ్బలే. ఇరవై రెండేళ్ళు ఆ మోత భరించిన చెవులు మెల్లగా ఒక్కొక్క శబ్దాన్నే వదిలేయసాగాయి. ముందు సైకిల్ గంట, తర్వాత ఫోను మోత, ఆ తర్వాత అమ్మ గొంతు. "పిలిస్తే పలకడు. అదే టీ అని గొణిగితే మాత్రం వీధి చివర్నుంచి పరుగెత్తుకొస్తాడు" అని అమ్మ దెప్పేది. మేం నవ్వేవాళ్ళం. నాన్న మా అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. పెదాలు చూసి మాట పట్టుకోవడం ఆయనకు అప్పటికే అలవాటైపోయింది.

నిజం నాకొక్కదానికే తెలుసు. పని అయ్యాక నాన్న నన్ను తీసుకెళ్ళడానికి బడికొచ్చి, సంగీతం గదిలో పియానో పక్కన కూర్చునేవాడు. వినే పాఠంలో సంగీతం మేడమ్ మాకు పెట్టే పరీక్షే నేను ఆయనకు పెట్టేదాన్ని. ఎడమ చివరి బొంగురు స్వరం నుంచి కుడివైపు సన్నని స్వరాల దాకా ఒక్కో మెట్టూ నొక్కుతూ వెళ్తుంటే, వినపడినంత వరకూ తల ఊపేవాడు. తల ఆగిన చోట చెక్క మీద సుద్దముక్కతో గీత గీసేదాన్ని. బడి తెరిచినప్పుడు ఆ గీత కుడివైపు బాగా దూరంగా ఉండేది. అర్ధ సంవత్సరం పరీక్షల నాటికి మధ్యలోకి వచ్చేసింది.

"ఎవరికీ చెప్పకే బుజ్జీ. మీ అమ్మకి కూడా. తెలిస్తే మా యజమాని నన్ను గేటు దగ్గర కాపలాకి కూర్చోబెడతాడు" అన్నాడు నాన్న.

నోరు కుట్టేసుకున్నాను. బాణీ మాత్రం మొత్తం ఆ గీతకు ఎడమవైపే కట్టాను. ఆయన చెవులు ఇంకా వదలని మెట్ల మీదే. చివర్లో పదహారు దెబ్బలు పెట్టాను. బరువైన పెట్టె భుజాన వేసుకుని మేడ దిగే మనిషిలా అవి ఒక్కో మెట్టే కిందికి దిగుతాయి. మొదటిసారి విన్నప్పుడు నాన్న మోకాలి మీద వేలితో ఆ పదహారూ లెక్కపెట్టి, "ఇది మా కార్ఖానా మోతే! ఇంత బాగుంటుందని నాకు తెలీదే" అని మురిసిపోయాడు. ఇక రోజూ అదే వాయించమనేవాడు. ఒక్కోరోజు నాకు విసుగొచ్చేది కూడా.

అందరి ముందూ వాయించే పరీక్షకి పది రోజులుందనగా మేడమ్ నా బాణీ విన్నారు.

"బాణీ బంగారంలా ఉంది. కానీ ఇదేంటమ్మా, అంతా ఒక మూలే తచ్చాడుతోంది? కుడివైపు మెట్లతో మాటల్లేవా నీకు? రెండో భాగం పైకి తీసుకెళ్ళు. చివర్లో ఆ దిగుడు సాగదీసినట్టుంది, తీసెయ్. పూర్తి మార్కులకు నాది పూచీ."

మా నాన్నకి పైవి వినపడవు మేడమ్, అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నాన్నకిచ్చిన మాట కోసమే చెప్పలేదని ఇన్నేళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. ఆ మార్కులు నాకు కావాలి. పైగా మార్చాక బాణీ నిజంగానే ఇంకా బాగుంది. అదే ఇప్పటికీ నన్ను కోస్తుంది.

ఆ పది రోజులూ మధ్యాహ్నం విరామంలో కొత్తది సాధన చేశాను. సాయంత్రం నాన్న వచ్చాక పాతదే వాయించాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆ రోజు రానే వచ్చింది.

నాన్న సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు వరసలో అమ్మ పక్కన కూర్చున్నాడు. మొదటి భాగం నేనేమీ మార్చలేదు. ఆయన వేలు మోకాలి మీద తాళం వేస్తోంది. అమ్మ వైపు వంగి, గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియక, హాలంతా వినపడేలా "ఇప్పుడు చూడు!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నా కుడిచెయ్యి సుద్దగీత దాటింది.

ఓరగా చూశాను. వేలు ఆగిపోతుందని భయపడ్డాను. ఆగలేదు. కళ్ళు మూసుకుని తాళం వేస్తూనే ఉన్నాడు. నేను వాయిస్తున్నదానికి కాదు, రోజూ సాయంత్రం విన్నదానికి.

నేను ముగించాను. హాలంతా చప్పట్లు. నాన్న వేలు ఇంకా ఆడుతూనే ఉంది. తొమ్మిది, పది, పదకొండు. ఆ లెక్క నాకు తెలియనిదా. పదహారూ అయ్యాక కళ్ళు తెరిచాడు. అప్పటికి అందరి చప్పట్లూ ఆగిపోయాయి. ఆయనొక్కడే, లేచి నిలబడి, అరచేతులు ఎర్రబడేలా కొట్టాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

నా చేతులు ఇంకా మెట్ల మీదే ఉన్నాయి. ఆ పదహారూ అప్పుడైనా వాయించి ఉండొచ్చు. ఎవరు వద్దనేవాళ్ళు? తల వంచి, వేదిక దిగిపోయాను.

ఇంటికి వెళ్ళే దారిలో అమ్మ ముందు నడుస్తోంది. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చివర్లో ఆ దిగుడు ఎంత బాగా వాయించావే బుజ్జీ! ఒక్క దెబ్బ కూడా తప్పలేదు."

నేను ఆయనకి ఎదురుగా వెళ్ళి, నా పెదాలు కనపడేలా నిలబడి అడిగాను.

"నీకు వినపడిందా నాన్నా?"

"ఎందుకు వినపడదే? నాకోసమే కదా కట్టావు."