సున్నపు పలుకులు

మీరా హుస్సేన్‌కు రెండే పిచ్చులు. ఒకటి పెంకు, రెండోది పడవ. రెండూ మంగళూరులోనే అంటుకున్నాయి. ఆరో తరగతిలో బడి మానేసి ఆడున్న పెంకుల ఫ్యాక్టరీలో చేరినప్పుడు పదమూడేండ్లు. ఫ్యాక్టరీకి మన్ను నది మీద వచ్చేది, తెరచాప పడవల్లో. మన్ను దించేది ఆయన పని. దించినంక ఖాళీ పడవలో, దాన్ని నడిపే సరంగు పక్కన కూచొని అవతలి ఒడ్డుకు పోయేవాడు. పదేండ్లు తిరిగేసరికి చేతికి మన్ను తెలిసింది, చెంపకు గాలి తెలిసింది.

ఆ రెండు తెలివుల్ని మూట గట్టుకొని కంబదూరు పక్కనున్న సొంతూరికి వచ్చి పడినాడు. పెంకుల పనికి ఈడ కరువు లేదు. చెరువు ఎప్పుడు చూసినా ఎండిపోయే ఉంటుంది, అడుగున బంకమన్ను కావలసినంత. మిషన్ పెంకులు వచ్చి అందరి నోట్లో మన్ను కొట్టినా, చేత్తో చేసిన పెంకే కావాలని బెంగళూరు నుంచి రిసార్టులు కట్టేవాళ్ళు వెదుక్కుంటా వచ్చేవాళ్ళు. అట్ల బతికినాడు. పడవ మాత్రం కలలోనే తిరిగేది.

ఒక ఏడు ఎవరూ అనుకోని వానలు పడినాయి. చెరువు నిండి మరవ పారింది. ఊరంతా కట్ట మీదికొచ్చి నీళ్ళను చూసింది. హుస్సేన్ నీళ్ళ మీద గాలిని చూసినాడు. ఆరు నెలలు కూచొని పడవ కట్టినాడు. ఆయన భార్య ఖైరున్నీసా రాయదుర్గం నుంచి జీన్సు గుడ్డ ముక్కలు తెప్పించి, అతికించి తెరచాప కుట్టింది. అనంతపురం జిల్లాలో జీన్సు తెరచాప ఇంకోటి ఉండదు.

"దినానికి మూడునూర్ల పెంకులు అచ్చు తీసినంకనే పడవ," అని ఖైరున్నీసా ముందే చెప్పింది. "ఒక్క పెంకు తగ్గినా తెరచాప చింపి దిండు గలీబులు కుట్టేస్తా."

నీళ్ళు రాకముందే తోలిపెట్టుకున్న మన్ను గుట్ట ఉండాది కాబట్టి పని ఆగలేదు. తెల్లారుజామున మొదలుపెట్టి మూడునూర్లు ముగించేవాడు. సాయంత్రం చెరువులోకి పోయేవాడు. నీలం తెరచాప పొట్ట ఉబ్బించుకొని ఈ కట్ట నుంచి ఆ గట్టుకు పోతాంటే గొర్రెలు కాసేవాళ్ళు కూడా నిలబడి చూసేవాళ్ళు.

ఆ చూపులే గోవిందప్పకు గిట్టలేదు. చెరువులో చేపల వేలం పాడుకున్నోడు గోవిందప్ప. పడవ వల్ల వలలు తెగుతాండాయని పుకారు పుట్టించినాడు. వలలున్న దిక్కుకే హుస్సేన్ పోయేవాడు కాదు. ఒక శుక్రవారం నమాజుకు పోయి వచ్చేసరికి పడవ బూడిదయింది. గోవిందప్ప కట్ట మీదనే కూచొని ఆకు నములుతాండాడు.

"నేనే అంటించినా. రెండుసార్లు చెప్పినా, ఇనుకోలేదు. పెంకులు చేసుకునేవానికి పడవేందప్పా?"

పక్కనున్న ఇరవై మంది నవ్వినారు. హుస్సేన్ బూడిదలో మేకులు ఏరుకొని, తువ్వాల్లో కట్టుకొని ఇంటికి పోయినాడు.

తర్వాత రెండేండ్లు చినుకు లేదు. చెరువు మల్లా పగుళ్ళిచ్చింది. అప్పుడు గోవిందప్ప చెరువుకట్టకు ఇవతల కొత్తిల్లు మొదలుపెట్టినాడు. ఒక పొద్దున వచ్చి హుస్సేన్ పెంకుల కొట్టం ముందర నిలబడినాడు.

"ఏం హుస్సేనన్నా, బాగుండావా? ఇంటి మీద నీ పెంకే ఉండాల నాకు."

"మిషన్ పెంకు తెచ్చుకోరాదా?"

"బెంగళూరోళ్ళు నీ పెంకు కోసం ఈడిదాంకా వస్తాంటే, ఊర్లో ఉండి నేను మిషన్ పెంకు వేసుకుంటే నవ్వరా అన్నా? పన్నెండువేలు కావాల."

హుస్సేన్ వాని మొగం దిక్కు కొంచెంసేపు చూసినాడు. వాని మొగంలో ఏమీ లేదు. సిగ్గు లేదు, భయం లేదు. కాల్చిన సంగతే మరిచిపోయినాడు. కాల్చినప్పటికన్నా అది ఎక్కువ మండింది.

"చేస్తా," అన్నాడు.

చెరువు తూర్పు మూలలో మన్ను తవ్వకూడదని పెంకుల పని చేసేవాళ్ళందరికీ తెలుసు. ఆడ మన్నులో సున్నపు పలుకులుంటాయి, జొన్నగింజంత. మన్నుతో పాటు బట్టీలో కాలి పొడిసున్నమై పెంకు లోపలనే కూచుంటాయి. పెంకు ఎర్రగా నున్నగా కనపడుతుంది, వేలితో తట్టితే గంట మాదిరి మోగుతుంది. నీళ్ళు తగిలినప్పుడు లోపల సున్నం ఉబ్బి పెంకును పెల్లలు పెల్లలుగా చిమ్ముతుంది. అందుకనే ఎక్కడి మన్నయినా జల్లెడ పడతారు. కాల్చినంక ఒకసారి నీళ్ళల్లో ముంచి తీస్తారు, లోపలి సున్నం అప్పుడే చచ్చిపోవాలని.

హుస్సేన్ తూర్పు మూలకే పోయినాడు. జల్లెడ ముట్టుకోలేదు.

ఖైరున్నీసా రెండోనాడే కనిపెట్టింది. మన్ను ముద్ద చేతిలోకి తీసుకొని వేలితో నలిపి చూసింది.

"ఏమయ్యా, ఇది యాడ మన్ను?"

"చెరువు మన్నే."

"చెరువులో ఏ మూలది అని అడుగుతాండా."

ఆయన అచ్చులో మన్ను నొక్కుకుంటా పోయినాడు. ఆమె ఇంకోమారు అడగలేదు. కానీ ఆఖరి బట్టీకి కట్టెలు చాలకపోతే ఇంటి వెనక పేర్చిపెట్టిన వేపపలకలు తెచ్చి లోపలికి తోసినప్పుడు ఊరుకోలేకపోయింది. కొత్త పడవ కోసమని రెండేండ్లుగా ఒక్కొక్కటే కూడబెట్టిన పలకలవి.

"వాడు ఒకటి కాల్చినాడు. ఇంగ రెండోది నువ్వే కాలుస్తాండావా?"

"కాలిపోనీ. పెంకులు పచ్చిగా ఉండకూడదు."

పన్నెండువేల పెంకులు ట్రాక్టర్లలో పోయినాయి. ఒక్కటి కూడా నీళ్ళల్లో ముంచలేదు. ఇల్లు లేచింది. గృహప్రవేశానికి పిలిస్తే హుస్సేన్ పోయి, పాయసం తాగి, తలెత్తి కప్పు చూసి వచ్చినాడు. జీవితంలో అంత అందమైన పెంకు చేయలేదు.

ఇంగ వాన రావాల.

ఊరంతా వాన కోసం చూస్తాండాది పైరు కోసమని. హుస్సేన్ చూసింది వేరే దానికి. పొద్దున లేస్తే పడమర దిక్కు చూసేవాడు. మబ్బు పట్టిందంటే అన్నం మీద చేయి ఆగిపోయేది. కొత్త ఆర్డర్లు వస్తే ముందరి మాదిరి మనసు పెట్టి చేయలేదు, ఏదో చేసి పంపేవాడు. పడవ మాట ఎత్తడమే మానుకున్నాడు. నమాజులో చేతులెత్తినా అడిగేది అదొకటే.

శ్రావణం ఎండిపోయింది. భాద్రపదం ఎండిపోయింది. ఆశ్వీజంలో తుపాను లేచింది. మూడు దినాలు తెరిపి లేకుండా కొట్టింది. నాలుగోనాడు సన్న తుంపరకు దిగింది, అప్పటికి పెంకులు లోపలిదాంకా నానినాయి. హుస్సేన్ గొడుగు కూడా లేకుండా పోయి గోవిందప్ప ఇంటికి ఎదురుగా చెరువుకట్ట మీద కూచున్నాడు.

మొదట ఒకటి టప్‌మంది. తర్వాత ఇంకోటి. పొద్దెక్కేకొద్దీ వేయించే మంగలంలో జొన్నలు పేలినట్ల పేలినాయి. పెల్లలు లేచి వాకిట్లో పడతాండాయి. గోవిందప్ప తల్లి హనుమక్క లోపల కారే చోటల్లా గిన్నెలు పెడతా తిరుగుతాండాది. హుస్సేన్ మధ్యాహ్నందాంకా కదల్లేదు. రెండేండ్లు కడుపులో ఉన్నదంతా ఒక్కొక్క టప్‌కు కొంచెం కొంచెం దిగిపోయింది.

అంతటితో ఇంటికి పోయింటే సరిపోయేది.

మరునాడు టీ అంగడి కాడికి పోయినాడు. గోవిందప్ప ఆడనే ఉండాడు, ఊరి పెద్దమనిషి గంగాధరప్ప కూడా. హుస్సేన్ గుండె దిటవు చేసుకున్నాడు. తిడతాడు, కొట్టడానికొస్తాడు, రానీ అనుకున్నాడు. గోవిందప్ప లేచి వచ్చి భుజం మీద చేయి వేసినాడు.

"బాధపడొద్దన్నా. వయసయినాది. చేయి తప్పింది. ఎవరికైనా తప్పుతుంది."

హుస్సేన్ బెంచీ మీద కూచోబోయి ఆగిపోయినాడు.

"ఆయన్ని ఏమీ అనొద్దప్పా ఎవరూ," అన్నాడు గోవిందప్ప అందరి దిక్కు తిరిగి. "పాపం, ఆ పడవ పిచ్చిలో పడి పని మరిచిపోయినాడు. ఒకప్పుడు ఎట్లాంటి పనోడు. నేను రేకులు వేసుకుంటాలే."

అందరూ అయ్యో అన్నారు. టీ అంగడామె మారెమ్మ కూడా జాలిగా చూసి ఇంకో టీ పోసి ముందర పెట్టింది. హుస్సేన్ ఆ గ్లాసు దిక్కు చూసినాడు. నలభై ఏండ్లు మన్ను పిసికిన చేయి. ఆ చేతికి మన్ను తెలీదని ఇరవై మంది ముందర జాలిపడతాండారు. పగ తీరిన సంగతి తనకు తప్ప ఎవరికీ తెలీదు, చేయి చెడిన సంగతి మాత్రం ఊరంతా తెలిసిపోయింది.

నోరు మూసుకొని టీ తాగి పోవచ్చు. తాగలేకపోయినాడు.

"చేయి తప్పలేదు," అన్నాడు.

"పోనీలే అన్నా."

"పోనీయకు. తూర్పు మూల మన్ను అది. సున్నపు పలుకులు ఏరకుండా, జల్లెడ పట్టకుండా, నీళ్ళల్లో ముంచకుండా చేసినా. పన్నెండువేలూ తెలిసే చేసినా. ఒక్కటన్నా పగలకుండా మిగిలిందంటే చెప్పు, అది నా తప్పు."

గోవిందప్ప చేయి భుజం మీద నుంచి జారింది. మొదటిసారి వాని కండ్లలో పడవ కనపడింది. ఆ చూపు కోసమే కదా ఇంత చేసింది, కండ్లారా చూసుకున్నాడు హుస్సేన్.

గంగాధరప్ప గొంతు సవరించుకున్నాడు. "ఏం హుస్సేనూ, నోటితోనే ఒప్పుకుంటివి. ఇంగ నీ పెంకు ఎవడు నమ్మి కొంటాడప్పా?"

"కొనకపోనీ. చేతకాక చేసినానని మాత్రం ఎవరూ అనొద్దు."

"సరే. నీ పెంకులు నువ్వే దించిపో. వాని ఇల్లు వాడు కప్పుకుంటాడు."

"దించుతా. నిచ్చెన మాత్రం గోవిందప్పే పట్టుకోవాల. కూలీ మనిషి కాదు."

గోవిందప్ప ఏదో అనబోయినాడు. గంగాధరప్ప చేయెత్తినాడు. "పడవ నువ్వు కాల్చలేదా? పట్టుకో."

బెంగళూరు నుంచి ఫోన్లు వచ్చినాయి. మాకు పంపినవి కూడా అట్లాంటివేనా అని అడిగినారు. కాదు అన్నాడు. నమ్మినోళ్ళు లేరు. ఖైరున్నీసా మిషన్ మీద జీన్సు కుట్టడానికి రాయదుర్గం పోతానని బట్టలు సర్దుకుంది. పోయేముందు ఒక్కటే మాట అడిగింది.

"మనసు చల్లబడిందా?"

"ఇంకా కొంచెం ఉండాది," అన్నాడు.

పెంకులు దించడం నాలుగు దినాల పని. హుస్సేన్ పది దినాలు చేసినాడు. ఒక్కొక్క పెంకు తీసి, తిప్పి చూసి, దుమ్ము ఊది, నింపాదిగా కిందికి అందించినాడు. కింద గోవిందప్ప ఎండలో నిచ్చెన పట్టుకొని ఒక చేత్తో పెంకు అందుకుంటాండాడు. దావలో పోయేవాళ్ళు నిలబడి చూసి పోతాండారు.

పదోనాడు మధ్యాహ్నం గోవిందప్ప పైకి చూసినాడు.

"అన్నా, కొత్త పడవకు ఎంత కట్టె పడుతుందో చెప్పు. తెప్పిస్తా."

ఇంటి కప్పు వెన్ను మీద నుంచి చెరువంతా కనపడతాండాది. నిండుగా ఉండాది. గాలి పడమర నుంచి ఏటవాలుగా కొడతాండాది, నీళ్ళ మీద గీతలు పడతాండాయి. తెరచాప ఎంత వదలాలో, యాడ తిప్పాలో హుస్సేన్‌కు చెంప మీదనే తెలుస్తాండాది.

"నీ కట్టె నాకొద్దు," అన్నాడు. "నిచ్చెన కదలకుండా పట్టుకో."

ఇంకా రెండు వరసలున్నాయి. హుస్సేన్ ఆడనే కూచొని, పొద్దు వాలేదాంకా గాలి చూసినాడు.