పూడ్చిన కన్నం

అనకాపల్లి గింజల బజారులో మా ఆయన ధనుంజయ్ చేతికి మంచి పేరుంది. బస్తా విప్పకుండా లోపలి సరుకు ఎలాంటిదో చూడాలంటే మొనదేలిన ఇనుప గొట్టాన్ని గోనెలోకి పొడిచి గుప్పెడు గింజలు బయటికి లాగుతారు. అది అందరూ చేసే పనే. మా ఆయన మాత్రం గొట్టం తీశాక ఆ కన్నం మీద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి గీకుతాడు. గోనె పోగులు దగ్గరికొచ్చి కన్నం పూడిపోతుంది. ఎక్కడ పొడిచాడో బస్తా తెచ్చిన రైతుక్కూడా తెలియదు. పెళ్ళైన కొత్తలో మా కొట్టు వెనక వసారాలో నిలబడి ఆ పనితనం చూసి మురిసిపోయేదాన్ని. నా అంత వెర్రిది ఇంకొకతె ఉండదు.

2003లో మా రెండో పాప పుట్టింది. రెండు కాన్పులూ పెద్ద ఆపరేషన్లే. కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. గర్భసంచి బాగా పల్చబడింది, మళ్ళీ కడుపొస్తే అది చీలిపోవచ్చు, మనిషి దక్కడం కష్టం అంది. అతను బుద్ధిగా తలూపాడు. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తామని వాళ్ళు కాగితం ఇచ్చినప్పుడు మాత్రం సంతకం పెట్టలేదు. "తొందరేటి? జాగర్తగా ఉంటాం గదా," అన్నాడు.

ఆ జాగ్రత్త పేరు నిరోధ్. మా వీధికొచ్చే నర్సమ్మ సోమాలమ్మ నెలకోసారి ఒక కట్ట ఇచ్చేది. బీరువాలో చీరల కింద పెట్టేదాన్ని. వాడడానికి అతను ఒక్కరోజు కూడా పేచీ పెట్టలేదు. ఎంత మంచి మొగుడో అని మా అక్క దగ్గర గొప్పలు కూడా పోయాను.

చిన్నదానికి ఏడాదిన్నర వచ్చేసరికి నాకు నెల తప్పింది. మొదటి వారం ఎండల వల్లేమో అనుకున్నాను. రెండో వారం అన్నం సయించలేదు. చిన్నదానికి పాలిస్తూ, నేను పోతే దీనికి నా మొహం కూడా గుర్తుండదు కదా అనుకున్నాను. ఇంత జాగ్రత్తగా ఉన్నా ఇలా ఎందుకైంది? ఆ మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, మిగిలిన పొట్లాలు తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూశాను.

ప్రతి పొట్లానికీ మధ్యలో ఒక సూది కన్నం ఉంది. దాని మీద గోటితో గీకిన రెండు గీతలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా.

పొట్లం రేకు గోనెలాంటిది కాదు. గీకితే కన్నం పూడదు, గీత మెరుస్తుంది. అంత పనిమంతుడికి ఆ మాత్రం తట్టలేదు, అలవాటైన చెయ్యి ఊరుకోలేదు. ఉత్త కన్నమే ఉంటే మా అత్తగారి పని అనుకునేదాన్నేమో. ఆ గీతలు చూశాక ఇంకెవరినీ అనుమానించడానికి వీల్లేకపోయింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. డాక్టరమ్మ మాట నా పక్కన కూర్చునే విన్నాడు. కొడుకు కోసం నా ప్రాణాన్ని పణంగా పెట్టాడు. పైగా ప్రతిసారీ "భయమెందుకే, ఉంది గదా" అని నా చెవిలో ధైర్యం చెప్పేవాడు. ఆ పొట్లాలు తీసుకెళ్ళి బజారులో అందరి ముందూ అతని మొహాన కొడదామని లేచాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. అడిగితే నాకేం తెలీదంటాడు. కడుపు సంగతి తెలిసిందంటే తల్లీకొడుకులిద్దరూ నాలుగు రోజులు నా గడ్డం పట్టుకుని బతిమాలతారు, అయిదో రోజు నన్ను గడప దాటనివ్వరు. పొట్లాలు ఎక్కడివక్కడ సర్దేశాను.

సోమాలమ్మకు మాత్రం చెప్పాను. "ఆయన సంతకం లేకపోతే ఆపరేషన్ చెయ్యరా నర్సమ్మా?"

"అలాగని ఎవలు సెప్పేరమ్మా? నీ ఒళ్ళు, నీ సంతకం. కడుపు తియ్యడం, ఆపరేషనూ రెండూ ఒక్కపాలే సేసెత్తారు. పాత కోత మీదే కోత్తారు, కొత్త మచ్చ కూడా పడదు," అంది.

మా అక్క సూర్యకళది రావికమతం. వాళ్ళింట్లో వ్రతమని చెప్పి పిల్లల్ని తీసుకుని బయల్దేరాను. అక్కణ్ణుంచి ఇద్దరం పెద్దాసుపత్రికి వెళ్ళాం. కడుపు తీయించుకున్నాను, ఇంకెప్పుడూ రాకుండా ఆపరేషనూ చేయించుకున్నాను. కాగితం మీద నీలవేణి అని నేనే రాశాను. అక్క ఏడ్చింది. నేను మంచం మీద పడుకుని, నా మొగుణ్ణి ఏం చెయ్యాలా అని ఆలోచించాను.

మూడు వారాల తరవాత ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పొట్లాలు తెచ్చి చీరల కింద పెట్టాను. అతను మళ్ళీ పొడవడం మొదలుపెట్టాడు.

ఏడాది గడిచింది. నెలనెలా నా మొహంలోకి ఆశగా చూసేవాడు. తల తిరుగుతోందా, పుల్లమామిడి తెమ్మంటావా అని కూపీ లాగేవాడు. నేను నెల తప్పకుండా తలస్నానం చేసి, అతను భోజనానికొచ్చే వేళకి ఎదురుగా కూర్చుని జుట్టు ఆరబెట్టుకునేదాన్ని. పొట్లానికి ఒక కన్నం కాస్తా రెండైంది, రెండు నాలుగయ్యాయి. డాక్టరుకు చూపించుకుందామని అనలేడు, మేం జాగ్రత్తగా ఉన్నాం కదా. తల్లికి చెప్పుకోలేడు. ఆఖరికి అనుమానం తన మీదే పడింది. పరీక్షలంటే సిగ్గుపడి, సరుకు పని అని వైజాగ్ వెళ్ళి ఏవో పొడులు తెచ్చుకునేవాడు. కొట్లో దాచుకుని పాలల్లో కలుపుకు తాగేవాడు. బజారులో ఎవరికైనా కొడుకు పుట్టి మిఠాయి పంచితే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. నాకు జాలేమీ కలగలేదు. అలాంటి రోజు నేనింకో ముద్ద ఎక్కువే తినేదాన్ని.

మూడేళ్ళకి, ఒక అమావాస్యనాడు కొట్టు సెలవు. అత్తగారు పిల్లల్ని తీసుకుని పక్క వీధికి వెళ్ళింది. నేను వంకాయలు తరుగుతున్నాను. అతను వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"నీలా, నీకు మళ్ళీ ఎందుకు రాలేదంటావు?"

"ఏటండీ?"

"కడుపు."

"ఎలా వత్తాదండీ? జాగర్తగా ఉన్నాం గదా."

అతను తల దించుకున్నాడు. "లేం. అన్నీ నేను సూదితో పొడిసేను. సిన్నది పుట్టిన కాడినించీ."

నేను తరగడం ఆపలేదు.

"కొడుకు కోసం సేసేను. ఇన్నేళ్ళలో ఒక్కపాలి కూడా నిలవలేదే. అంటే నాలో ఏటో పోయిందన్నమాట. మందులు కూడా తింతన్నాను." మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ ఏడుపులో ఎక్కడైనా నేను ఉన్నానేమోనని విన్నాను. నువ్వు చచ్చిపోయి ఉండేదానివి నీలా, అని ఒక్క ముక్క అంటాడేమోనని కత్తిపీట పక్కకు పెట్టి మరీ విన్నాను. అనలేదు. ఏడుపంతా తన మగతనం కోసమే.

ఒకసారి నిలిచింది అని నేనంటే చాలు, అతనికి పోయిన ప్రాణం తిరిగొస్తుంది. ఆ మాట నా నాలుక చివరికి వచ్చింది కూడా.

"లోపం నాలోనే ఉందంటావా?" అని కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"అయ్యుండొచ్చండి," అన్నాను.