ఎకరానికి సరిపడా రిబ్బన్లు

నా మనవరాలిది తాబేళ్లు లెక్కపెట్టే ఉద్యోగం. నవ్వకండి, మొదట నేనూ నవ్వాను. "ఒసే, అవి పారిపోయేవి కావుగా, తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు" అన్నందుకు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అగ్గి పాకకుండా అడవిని పలచన చెయ్యాలని, కింది పొదలూ సన్న చెట్లూ తీసేసే పని తలపెట్టారు. దానివల్ల వాగులో తాబేళ్లకు ఏమవుతుందో చూసి రాసివ్వడం మా పిల్ల వంతు. ఆ అడవిలో యాభై ఏళ్లు కలప కొలిచినవాణ్ని కదా, టేపు పట్టుకోడానికి నన్ను వెంటేసుకుంది. వానల్లో, వాగు నిండుగా ఉన్నప్పుడు, బోనుల్లో చేపముక్కలు పెట్టి పట్టాం. ప్రతిదాని డిప్ప అంచున ఆకురాయితో గాటు పెట్టాం. పదకొండింటికి మాత్రం వీపున గోరంత రేడియో బిళ్ళలు అంటించి వదిలాం. చూసినన్నాళ్లూ ఒక్కటీ నీళ్లు దాటి పోలేదు.

"ఇవి గుట్టెక్కుతాయే అమ్మడూ. పైన బండ పక్కన ఆకుల్లో దూరి పడుకోగా చూశాను" అన్నాను.

"ఎన్ని తాతయ్యా?"

"నలభై. ఒకటి గురక కూడా పెడుతోంది."

అక్కడే చెడింది. పనివాళ్లు పడీపడీ నవ్వారు. నాకు గప్పాల తాత అని పేరు ఊరికే రాలేదు మరి. పిల్లా నవ్వేసింది. వాగుకు అటూ ఇటూ అరవై అడుగులు వదిలితే చాలని రాసి, సంతకం పెట్టింది.

పని మొదలుపెట్టింది ఎండాకాలంలో. ఆ పొద్దున పిల్ల వాగు ఒడ్డున యాంటెన్నా పట్టుకుని నిలబడింది. చేతిలో రేడియో పెట్టె గరగరమంటోంది తప్ప బిళ్ళల కూత ఒక్కటీ లేదు. వాగు ఎండి బురదై ఉంది. మెల్లగా యాంటెన్నాను గుట్టవైపు తిప్పింది. కూతలు మొదలయ్యాయి. పదకొండూ అక్కడే ఉన్నాయి.

అప్పుడే పైన యంత్రం స్టార్టయింది.

ఇనుప పళ్లతో గిర్రున తిరిగే పీపా అది. తగిలిన పొద ఇంకుండదు, పొడే ఉంటుంది. పిల్ల పరుగెత్తింది. డ్రైవరు చెవులకు డొప్పలు పెట్టుకున్నాడు, చుట్టూ దుమ్ము. నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు. ఆ దుమ్ములోకి పిల్ల పసుపు చొక్కా పోయింది. మళ్లీ కనపడలేదు.

చప్పుడు ఆగింది. ఎందుకాగిందో తెలియదు. ఎలా పాక్కుంటూ ఎక్కానో దేవుడికే తెలియాలి.

పిల్ల బతికే ఉంది. ఆ పళ్లకు మూరెడు దూరంలో మోకాళ్లమీద కూర్చుని ఆకులు తోడుతోంది. యంత్రం నడిచిన చోట నాకొక డిప్ప ముక్క దొరికింది. తీసి చూపించాను. అంచున మేం పెట్టిన గాటు ఉంది. వీపున బిళ్ళ లేదు.

"అంటే బిళ్ళ లేనివీ ఇక్కడే ఎక్కడో ఉన్నాయి తాతయ్యా" అంది.

మేస్త్రీ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. "అరవై అడుగులని మీరే రాశారు మేడం. నేను అంతకు రెండింతలు వదిలాను. ఫోన్ చేస్తే పై ఆఫీసు పని ఆపొద్దంది. ఒక్క ఎకరం వదలమన్నారు. రిబ్బన్లు కట్టండి, అరగంట ఆగుతాను. కట్టని చోటు నాది."

బిళ్ళలున్నవాటిని పెట్టె పట్టిస్తుంది, తవ్వి తీసుకెళ్లొచ్చు. లేనివాటిని ఎవరు పట్టిస్తారు? పిల్ల ఎర్ర రిబ్బను చుట్ట నా చేతిలో పెట్టింది.

"నువ్వు చూశానన్నావే, ఆ బండ ఏది?"

చూశాను. అంతవరకు నిజం. కానీ ఈ బండా, ఆ పై బండా, పడమటి చరియలో ఉన్నదా? ఎకరంలో ఒక్క బండే పడుతుంది. నాలుగా, నలభైయా? చెప్పిన ప్రతిసారీ చోటు మార్చాను, ఇంకో పది కలిపాను. ఇప్పుడు లోపల తడుముకుంటే మూడు బండల పక్కనా తాబేళ్లు కనపడుతున్నాయి, మూడింటి దగ్గరా ఒకే ఎండ, ఒకే ఆకులు. ఏది కళ్లతో చూసిందో, ఏది నోటితో చేసిందో తెలియడంలేదు.

"తాతయ్యా, టైమ్ లేదు."

దగ్గరున్న చెట్టుకు రిబ్బను చుట్టాను. ముడి పడలేదు. పిల్లే వేసింది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పిల్ల తలూపి, బిళ్ళలున్నవాటిని తవ్వడానికి పెట్టె పట్టుకుని కిందికి పరుగెత్తింది. నేను ఎకరం చుట్టూ రిబ్బన్లు కట్టేసరికి మేస్త్రీ గడియారం చూసుకుని, మిగతా రెండు బండలవైపు చెయ్యి చాపి, డ్రైవర్ని ఎక్కమన్నాడు.