సైకిల్‌కు కేసు లేదు

ఏడాది కిందట తాగి మోటారు సైకిల్ నడుపుతూ దొరికిపోయి, కోర్టులో సగం రోజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు జంపయ్య. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాడు. తాగిన రోజు బండి తాళం ముట్టడు, సైకిల్ తీస్తాడు. సైకిల్‌కు కేసు లేదని ఎవరో చెబితే, ఆ సంగతి తానే కనిపెట్టినట్టు ఊరంతా చెప్పుకు తిరిగాడు మహానుభావుడు.

పదో తరగతి పరీక్షలు మొదలయ్యే రోజు తెల్లారగానే బామ్మర్ది బొజ్జయ్య కబురు పెట్టాడు. కొత్తగా గీసిన జీలుగు చెట్టు కల్లు దిగింది. కొత్త చెట్టు కల్లు చుట్టాలంతా తాగాలి. పెద్దల పేరు చెప్పి నాలుగు చుక్కలు నేల మీద వదిలాక, ఆకు దొప్పలో పోసిచ్చింది వద్దంటే చెట్టు అలుగుతుందంటారు. చెట్టు సంగతేమో గానీ బొజ్జయ్య మాత్రం తప్పకుండా అలుగుతాడు. జంపయ్య రెండు దొప్పలు ఆచారం కోసం తాగాడు. మూడోది బామ్మర్ది మొహం చూసి తాగాడు. నాలుగోది ఎందుకు తాగాడో అతనికే తెలియాలి.

ఇంటికొచ్చేసరికి కూతురు యశోద అట్ట, పెన్నులు, హాల్‌టికెట్ సర్దుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఆ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే. పరీక్ష ఆరు కిలోమీటర్ల అవతల, పినపాకలో.

"తాగినవా నాయినా? సైకిల్ ఇటియ్యి, నేనే తొక్కుకుంట పోత."

"పరీక్ష రాసే బిడ్డవు, అలిసిపోతే ఎట్ల? ఎనక కూసో. బండి తీస్తలేను గద, సైకిలే గద!"

వాదించే టైము లేక యశోద ఎక్కింది.

క్రాస్‌రోడ్డు దగ్గర పోలీసులు బండ్లు ఆపి గొట్టం ఊదిస్తున్నారు. పక్క తండా మనిషి హరిలాల్ కానిస్టేబుల్‌గా అక్కడే ఉన్నాడు. ఎవరూ ఆపకుండానే జంపయ్య ఆగి మొహం ముందుకు చాపాడు.

"నన్ను ఊదమనవా సారూ?"

హరిలాల్ ముక్కు చిట్లించాడు. "ఈ మిషన్ మోటారు బండ్లకేనే జంపన్నా. సైకిల్‌కు గా కేసు లేదు. లొల్లి చేస్తే వేరే కేసు ఉంటది. జర దిగి నడిపించుకుంట పో, బొగ్గు లారీలొస్తున్నయ్. ఎనక పిల్లుంది."

"విన్నవా బిడ్డా? కేసు లేదంట!" అన్నాడు జంపయ్య. మిగతా మాటలు అతని చెవికెక్కలేదు.

కల్వర్టు దగ్గర వెనక నుంచి లారీ హారన్ కొట్టింది. జంపయ్య పక్కకు తిప్పాననుకున్నాడు. తిప్పింది రోడ్డు మధ్యకు. లారీ కీచుమని బ్రేకు వేసి, మూరెడు దూరంలో తప్పించుకుపోయింది. తండ్రీకూతుళ్లిద్దరూ కంకర మీద పడ్డారు.

జంపయ్యకు ఒక్క గీత పడలేదు. యశోద కుడి మోచెయ్యి చెక్కుకుపోయి, నెత్తురు మణికట్టు దాకా కారింది. ఆ పిల్ల ఏడవలేదు. వేళ్లు మూసి తెరిచి చూసుకుంది. పెన్ను పట్టే చెయ్యి అది. ఆ వేళ్లు కదిలేదాకా జంపయ్య వాటినే చూశాడు.

"బిడ్డా..."

"పరీక్ష పోతే మళ్ల నువ్వు రాస్తవా?" అంటూ సైకిల్ లేపి, అతని వంక చూడకుండా తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

మిగిలిన దారి జంపయ్య నడిచాడు. బడి గేటు ముందు మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. నీళ్లు తాగి రావడానికి కూడా కాలు కదపలేదు.

యశోద మోచేతికి రుమాలు కట్టుకుని బయటికొచ్చింది.

"రాసినవా?"

"రాసిన. చెయ్యి గుంజింది గానీ రాసిన."

జంపయ్య సైకిల్ కోసం చెయ్యి చాపాడు. యశోద హ్యాండిల్ వదల్లేదు.

"ఊదు నాయినా."

చుట్టూ పిల్లలు, టీచర్లు. సైకిల్‌కు కేసు లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చి, ఆ రుమాలు చూసి ఆగిపోయింది. వంగి, కూతురి మొహం మీద ఊదాడు.

"ఇంకా వాసనొస్తంది. ఎనక కూసో."

కూచున్నాడు. కల్వర్టు దగ్గర లారీ చప్పుడు వినగానే యశోద ఆపి, తను దిగి తండ్రినీ దింపింది. లారీ వెళ్లిపోయేదాకా ఇద్దరూ పక్కన నిలబడ్డారు. క్రాస్‌రోడ్డు దగ్గర హరిలాల్ చూసినా జంపయ్య తల ఎత్తలేదు.

"మళ్ల పరీక్ష ఎల్లుండి గద. నేను తోల్కపోనా బిడ్డా?"

"పొద్దుగాల ఊది చూపెట్టు. అప్పుడు చెప్త."

"అట్లనే," అన్నాడు జంపయ్య.