ఐసు ముక్క పరీక్ష

ఏడుకొండలికి వేళ్లు తెల్లబడడం మొదలై ఇది రెండో చలికాలం. బందరులో, గిలకలదిండి రేవు దగ్గర ఫైబర్ బోట్లు బాగుచేసే షెడ్డులో అతని పని. పొద్దుగూకేదాకా చేతిలో గ్రైండరు. ఇంటికెళ్లి పడుకున్నా చేతుల్లో తేనెటీగలు తిరుగుతున్నట్టే ఉంటుంది. దానికి అలవాటు పడ్డాడు. కానీ పొద్దున్నే చన్నీళ్లు తగిలితే కుడిచేతి మూడు వేళ్లు సుద్దముక్కల్లా పాలిపోయేవి. గిల్లినా తెలిసేది కాదు.

బస్టాండు గోడ మీద రాసి ఉంది: స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్టు కావచ్చు. చల్లపల్లి బస్సు కోసం నిలబడి అది చదివిన రోజే అతనికి నిద్ర కరువైంది.

ఎవరికీ చెప్పలేదు. కూతురు బుజ్జికి అన్నం కలిపి ముద్దలు పెట్టే మనిషి ఆ పని మానేశాడు. "నీకు వయసొచ్చింది, స్పూనుతో తిను" అన్నాడు. ఆ పిల్లకి ఇంకా ఐదేళ్లు నిండలేదు. తన కంచం వేరు చేసుకుని తనే కడుక్కునేవాడు. అతని భార్య రేవతి రేవులో చేపలమ్ముతుంది. ఊరందరినీ కడిగేసే నోరది. ఈ ఒక్కటి మాత్రం మొగుణ్ణి అడగలేకపోయింది. మొగుడికి తన మీద మనసు విరిగిందనుకుంది.

షెడ్డులో ఏటా చెకప్ అని ఒక తంతు జరిగేది. కాంపౌండరొచ్చి బీపీ చూసి "వేళ్లు బాగున్నాయా?" అంటాడు. "బాగున్నాయండి" అంటారు. అయిపోయింది. మోటారు చప్పుడు మారితే మాత్రం వెంటనే మెకానిక్కుని పిలుస్తారు. నిజం చెబితే పని పోతుందని మనిషి వణికే చోట వెయ్యి చెకప్‌లు చేసినా దండగే.

ఈసారి కార్మిక సంఘం గొడవపెట్టి గుడివాడ నుంచి డాక్టరు ప్రసన్నలక్ష్మిగారిని రప్పించింది. యంత్రాల అదురు చేతుల్ని ఏం చేస్తుందో తెలిసిన మనిషి. ఆ పొద్దున చలి కొరికేస్తోంది. ఏడుకొండలు షెడ్డు ముందు బడ్డీలో టీ చెప్పి, గ్లాసుని రెండు చేతులా పొదువుకు కూర్చున్నాడు. తాగడు. వేళ్లు ఎర్రబడేదాకా పట్టుకుని లోపలికెళ్తాడు. నిరుడూ అలాగే గట్టెక్కాడు.

పక్కనే తోటి పనివాడు ఫహీమూ తాగలేదు. దుర్గారావూ తాగలేదు. ఎవరి గ్లాసు వాళ్లది, ఎవరి భయం వాళ్లది.

చేపల గంప దించుతూ రేవతి చూసింది. "ఏంటయ్యా, కొత్త పెళ్లాల్ని పట్టుకున్నట్టు అందరూ గ్లాసుల్ని వాటేసుకున్నారు?"

"చల్లారాలి వదినా" అన్నాడు ఫహీమ్.

"మీగడ కట్టింది. ఇంకేం చల్లారుద్ది?"

లోపల డాక్టరుగారు ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకు చూశారు. "ఇంత చలిలో అందరి చేతులూ ఇంత వెచ్చగా ఉన్నాయేంటి? కాసిని చన్నీళ్లు తెప్పించండి."

"నీళ్లెందుకండీ, ఐసుంది" అంటూ గుమ్మంలోంచి రేవతి వచ్చి, గంపలోంచి ఒక ముక్క తీసి మొగుడి చేతిలో పెట్టబోయింది. ఏడుకొండలు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"పట్టుకో. రోజూ నేను పట్టుకునేదేగా."

పట్టుకున్నాడు. అందరూ చూస్తుండగానే మూడు వేళ్లూ తెల్లబడ్డాయి.

"నాకు కుష్టండీ" అన్నాడు తలొంచుకుని. "దాన్ని దూరంగా ఉండమనండి."

రేవతి దూరంగా జరగలేదు. డాక్టరుగారు ఆ చెయ్యి అందుకుని, చర్మం చూసి, దూదితో రాసి, మోచేతి దగ్గర నరం తడిమారు. "మచ్చ లేదు. నరం లావెక్కలేదు. కుష్టు కాదయ్యా. అయినా అదేమన్నా ఉరిశిక్షా, మందు మింగితే పోతుంది. ఇది గ్రైండరు అదురుతో వచ్చింది. చలి తగిలితే వేళ్లకి రక్తం అందట్లేదు."

"అంటుకోదా అండీ?"

"గ్రైండరు పట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ రాదు."

అప్పుడు ఫహీమ్ వచ్చి గంపలో చెయ్యి పెట్టాడు. "అయితే నావీ చూడండి మేడం." దుర్గారావు నోరు తెరిచాడు. "ఒరే, నీకు కూడానా?" వాడూ ఒక ముక్క తీసుకున్నాడు. మిగతావాళ్లూ గంప చుట్టూ చేరి తలో ముక్కా పట్టుకున్నారు.

"మా ఇంటావిడకి కనబడకుండా గ్లౌజులేసుకుని పడుకుంటున్నాను అన్నా" అన్నాడు ఫహీమ్. "చలి అని చెప్పా. వేసవిలో కూడా అదే చెప్పా." షెడ్డంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఏడుకొండలు నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

యజమాని రామబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. "అంటే వీళ్లందర్నీ మాన్పించెయ్యాలా అండీ?"

"మనుషుల్ని కాదు, పద్ధతిని మాన్పించండి. రోజంతా ఒకడి చేతిలోనే గ్రైండరు ఉండకూడదు. వంతులు వెయ్యండి. అరిగిన డిస్కులు మార్చండి. ఏడుకొండల్ని బోట్లకి పూత పూసే పనిలో పెట్టండి. మళ్లీ మళ్లీ వచ్చి చూస్తాను." డాక్టరుగారు పనివాళ్ల వైపు తిరిగారు. "బీడీలు మానాలి, వాటితో వేళ్లకి రక్తం ఇంకా తగ్గుతుంది, అది మీకే చెప్తున్నా."

రామబ్రహ్మం చుట్టూ చూశాడు. అందరి చేతుల్లోనూ ఐసు కరుగుతోంది. ఒక్కడే అయితే ఆ పూటే ఇంటికి పంపేవాడు. అందరి వేళ్లూ తెల్లగా ఉంటే ఎవణ్ణని పంపుతాడు? "సరే, అలాగే కానివ్వండి" అన్నాడు. టీ గ్లాసుల చాటున విడివిడిగా దాక్కున్నన్నాళ్లూ ఈ మాట రాలేదు.

సాయంత్రం ఏడుకొండలు చేపల పులుసుతో అన్నం కలిపాడు. వేళ్లకి ముల్లు ఇంకా సరిగ్గా తెలియదు, అందుకని రేవతి ఏరింది. ముద్ద చేస్తే సగం కంచంలోనే జారింది.

బుజ్జి నోరు తెరవలేదు. "నాకు వయసొచ్చిందన్నావుగా."

"పోయిందిలే. తిను."