ఎర్రగుడ్డ కట్టిన సంచి

మార్చి పదకొండున మధ్యాహ్నం మాస్టారు తిన్నది రెండు బిస్కెట్లు, సగం అరటిపండు. మిగతా సగం లారీ డ్రైవరుకిచ్చారు. ఆ తేదీ ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు.

ఊళ్లో గొడవలు మొదలై అది తొమ్మిదో రోజు. కొట్లన్నీ మూతపడ్డాయి. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా మాత్రం కర్ఫ్యూ సడలిస్తామన్నారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు సహాయ సామగ్రి గోదాములో కూర్చుని ఇంటికో సంచి కట్టించారు. మనుషుల లెక్కన బియ్యం, పప్పు, నూనె. పైన ఇంటి నంబరు చీటీ. కింది వీధి పద్నాలుగో నంబరు సంచికి మాత్రం ఎర్రగుడ్డ చుట్టారు. అందులో పాలపొడి ఉంది. ఆ ఇంట్లో మూడు వారాల పసిగుడ్డు. తల్లికి పాలు పడలేదు. డబ్బా అడుగంటిందని అమ్మమ్మ పొద్దున్నే ఫోన్ చేస్తే, "అయిదులోపు తెస్తానమ్మా" అని మాటిచ్చారు.

లారీ ముందు పై వీధికి వెళ్లాలి. ఆ తర్వాత ఊరు చుట్టి కింది వీధికి. రెండు వీధులూ ఆనుకునే ఉన్నాయి గానీ, మధ్యలో బోర్లించిన తోపుడుబళ్లు అడ్డం. వాటి మీదుగా వారం రోజులుగా రాళ్లు తప్ప మరేవీ దాటలేదు.

పై వీధిలో మాస్టారు లారీ తలుపు తీయించారు. ఎదురుగా అన్నీ కింది వీధి సంచులే. పై వీధివి లోపలెక్కడో ఉన్నాయి. జాబితాలో ఉన్న వరసలోనే ఎక్కించేశారాయన.

"చివర దించేది ముందెక్కించాలి మాస్టారూ," డ్రైవరు తల పట్టుకున్నాడు. "కాలేజీలో ఇది చెప్పరా?"

"చెప్పేవాణ్ణి నేనే కదయ్యా. నాకేం తెలుస్తుంది?"

ప్రయాణానికి పెట్టె సర్దినప్పుడల్లా "ముందు కావలసింది పైన" అనేది ఆయన భార్య. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆవిడే సర్దింది, ఈయన మోశారంతే.

అప్పటికే గంటలో పావు వంతు అయిపోయింది. అన్నీ దించి, మళ్లీ ఎక్కించి, ఊరు చుట్టి వెళ్లే వ్యవధి లేదు.

"చేతికొచ్చినవి పంచెయ్యండి," అన్నాడు సంచుల కోసం వరసలో నిలబడ్డ ఆ వీధి సైకిల్ షాపాయన. "అవతలోళ్ల సంగతి మనకెందుకు?"

మాస్టారు ఎర్రగుడ్డ సంచిని రెండు చేతులా పొదువుకున్నారు. "పసిబిడ్డ పాలపొడి నాయనా. ఇదొక్కటీ అడక్కు."

వరసలో ముందున్న కుట్టుమిషనావిడ కదిలింది. ఆవిడ మొగుడి నుదుటికి కట్టు ఉంది. రాయి ఎటు నుంచి వచ్చిందో వీధంతటికీ తెలుసు. ఆవిడ ఆ సంచిని కాసేపు చూసింది.

"ఇటివ్వండి అన్నయ్యగారూ. ఊరంతా తిరగడమెందుకు, నలభై అడుగులే గదా."

బళ్ల దగ్గరికెళ్లి గొంతెత్తింది. "పద్నాలుగో నంబరు పిన్నిగారూ, చెయ్యి చాపండి. రాయి కాదులెండి."

అటు ఏదో తలుపు గడియ తీసిన చప్పుడైంది. తర్వాత బళ్ల మీదుగా ముడతలు పడ్డ చెయ్యి ఒకటి పైకొచ్చింది.

ఆ పైన ఎవరూ ఎవరికీ చెప్పలేదు. లారీ నుంచి బళ్ల దాకా మనుషులు వరసకట్టారు. సైకిల్ షాపాయన గొణుక్కుంటూనే రెండో సంచి అందుకున్నాడు.

"ఇదేంటి, ఇంత బరువుంది?"

"మేం తొమ్మిదిమందిమి బాబాయ్," అటు నుంచి ఎవరో అన్నారు.

"అదీ సంగతి. అన్ని రాళ్లెలా పడుతున్నాయా అనుకున్నా."

ముందు అటు నవ్వారు, తర్వాత ఇటు.

కింది వీధి సంచులు దాటిపోయేసరికి పై వీధివి వాటంతటవే బయటపడ్డాయి. అయిదుకి ఇంకా ఆరు నిమిషాలుండగానే లారీ ఖాళీ.

"మంచి తప్పే చేశారు మాస్టారూ," అన్నాడు డ్రైవరు. "డీజిలు కూడా మిగిలింది."

చీకటి పడుతుండగా అమ్మమ్మ ఫోన్ చేసింది.

"మెల్లగా మాట్లాడండి బాబూ, పాప పాలు తాగి ఇప్పుడే పడుకుంది. ఆ కుట్టుమిషనమ్మాయికి చెప్పండి, నా దగ్గర మెత్తటి పాతచీర ఉంది. వాళ్లాయన కట్టుకి పనికొస్తుంది."

"చెబుతానమ్మా," అన్నారు మాస్టారు, తనూ గొంతు తగ్గించి.

గోదాములో ఖాళీ గోనెల మీద డ్రైవరు అప్పటికే నిద్రపోయాడు. రోజూ ధన్‌మని పడే ఆ తలుపుని మాస్టారు ఆ పూట భుజం ఆనించి ఆపుకుంటూ, చప్పుడు కాకుండా మూశారు.