ఫేస్‌బుక్కుకెక్కిన బస్సు స్టాపు

ప్రొద్దుటూరులో లక్ష్మయ్య నడిపే ప్రైవేటు బడికి గ్రౌండు లేదు, ల్యాబు లేదు గానీ ఫేస్‌బుక్కు పేజీ మాత్రం దివ్యంగా ఉంది. రోజుకొక విద్యార్థి అందులో 'నేటి తార'. ఫోటో, పేరు, తండ్రి పేరు, సొంతూరు. బస్సు సౌకర్యానికి కూడా ప్రచారం జరగాలని ఎక్కే బస్సు నంబరు, స్టాపు, టైము. వీటన్నిటి మీదా, లక్ష్మయ్యకు కౌన్సిలర్ టికెట్టు ఇప్పిస్తానన్న పార్టీ నాయకుడి బొమ్మ.

ఆ మంగళవారం తార ఈశ్వరమ్మ కూతురు మల్లేశ్వరి. వ్యాసరచనలో ఫస్టు వచ్చింది. సంతోషించాల్సిన తల్లి ఆ పోస్టు చూడగానే లేచి తలుపు గడియ పెట్టింది.

ఆమెది కొండాపురం దగ్గర పల్లె. పంచాయతీ ఎన్నికల గొడవలో అవతలి వర్గం వాళ్ళు ఆమె మరిదిని నరికేశారు. ఇప్పుడు వాళ్ళ కన్ను భర్త చెన్నకేశవులు మీద ఉంది. అతను ఏ ఊళ్ళో ఉంటున్నాడో భార్యకే చెప్పడు, పోయిన దారిన తిరిగి రాడు. ఒక్క శనివారం పొద్దున మాత్రం కూతురి బస్సు స్టాపుకు వచ్చి, హెల్మెట్ తీయకుండా రెండు నిమిషాలు ఆ పిల్లను చూసి పోతాడు. ఈశ్వరమ్మ ఎంత మొత్తుకున్నా అది మానలేదు.

మర్నాడు ఆమె మరో ముగ్గురు తల్లిదండ్రులను కూడగట్టుకుని బడికి వెళ్ళింది. టీ వచ్చేసరికి ఒకాయన మెత్తబడ్డాడు. ఇంకొకాయన తన కొడుకు ఫోటో ఎప్పుడేస్తారని అడిగాడు. భర్త కువైట్‌లో ఉన్న షాహీదాబీ ఒక్కతే నిలబడింది.

"మా పాప ఫోటో కింద ఎవురెవురో ఫోన్ నంబరు అడుగుతాండారు సార్. తీసేయండి."

"మీది ఏ పార్టీమ్మా?" అన్నాడు లక్ష్మయ్య అనుమానంగా. "ఆ బొమ్మతో ఇబ్బందైతే చెప్పండి, పక్కన మీ నాయకుడిదీ పెట్టిస్తా."

"బొమ్మ సంగతి గాదు సార్," అంది ఈశ్వరమ్మ. "పాప యాడ నిలబడేదీ, ఎన్నింటికి నిలబడేదీ రాసినారు."

"ఫ్యాక్షన్లో పిల్లోళ్ళ జోలికి ఎవురూ పోరు. నాకు తెలీదా ఏంది?"

"పోరు సార్. పాపను ఆనవాలు పట్టుకొని నాయిన కాడికి పోతారు. శనివారం శనివారం ఆయప్ప ఆ స్టాపు కాడికొచ్చి పాపను చూసి పోతాడు."

కన్నతల్లికి కూడా చెప్పని మాట అది. ఈ పెద్దమనిషికి అర్థం కావాలని నోరు జారింది.

లక్ష్మయ్య వెంటనే పోస్టు తీయించాడు. రికార్డు కోసమంటూ ఈశ్వరమ్మ అర్జీ ఇస్తున్నట్టు ఒక ఫోటో కూడా తీయించాడు. గురువారం ఆ ఫోటోతో కొత్త పోస్టు వచ్చింది. 'పిల్లల ఆన్‌లైన్ భద్రతలో మన బడే ఫస్టు. నాలుగో నంబరు బస్సు స్టాపులో ప్రతి శనివారం కూతుర్ని చూసుకునే చెన్నకేశవులు గారి కుటుంబం కోరిన వెంటనే ఫోటో తొలగించిన మన కరెస్పాండెంటు లక్ష్మయ్య గారికి అభినందనలు.'

ఇంత తెలివి ఒక్క బుర్రలో ఎలా పట్టిందో. అవతలి వర్గం ఏళ్ళ తరబడి ఆరా తీసి కనిపెట్టలేనిది ఈ మహానుభావుడు ఊరికే చేతిలో పెట్టాడు. లైకు కొట్టినవాళ్ళలో ఈశ్వరమ్మ మరిది హత్య కేసులో రెండో ముద్దాయి ఉన్నాడు.

ఈశ్వరమ్మ భర్తకు ఫోన్ చేసింది. "శనివారం రావద్దు. ఇంగెప్పుడూ ఆడికి రావద్దు."

"పాప ఎదురు చూస్తాంటుంది గదా," అన్నాడతను. అతను మానడని తెలిసి ఆమెకు ఏడుపు ఆగలేదు.

శుక్రవారం కూతుర్ని వెంటబెట్టుకుని టీసీ కోసం వెళ్ళింది. చేరబోయే బడి, ఊరు ఫారంలో రాయాలన్నాడు గుమాస్తా. అంతలో లక్ష్మయ్య ఫోన్ పట్టుకుని గదిలోంచి వచ్చాడు.

"పాపతో ఒక ఫోటో దిగుదాం. వీడ్కోలు అని పేజీలో పెడతా. ఇంతకూ యాడికి పోతాండారమ్మా?"

ఈశ్వరమ్మ కూతురి ముఖానికి కొంగు అడ్డం పెట్టి, ఫారంలో ఊరి పేరు దగ్గర అడ్డగీత కొట్టింది.

"వాళ్ళ నాయినకే చెప్పలేదు సార్," అంది. "మీకెట్ల చెప్తా."